చేతులకు రెక్కలు కట్టుకుని ఎగరగలమా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది కోనసీమలో గౌతమి పక్కన ఒక లంక గ్రామం. డిప్లొమా మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెక్కలు తగిలించుకున్న ఒకాయన పార్కులో పరుగెత్తి, చేతులు ఆడిస్తూ చెట్ల ఎత్తుకు లేచిన వీడియో ఫోనులో చూశాను. అప్పటి నుంచి వేరే ధ్యాస లేదు. వెదురు బద్దలు, పలచటి టార్పాలిన్‌తో ఈ కొస నుంచి ఆ కొసకు 6 మీటర్లు ఉండే రెక్కలు చేశాను. వాటి బరువు 8 కిలోలు, నా బరువు 62. ఏటిగట్టు మీద పరుగెత్తి కింద ఇసుక మీదికి దూకి చూద్దామనుకుంటున్నాను. నీళ్లయితే దెబ్బ తగలదు, వంతెన మీద నుంచి దూకమని స్నేహితులు అంటున్నారు. తాతయ్య మాత్రం దేవుడు మనిషికి ఇవ్వనిదాన్ని నువ్వు తెచ్చుకుంటావా అని కోప్పడుతున్నారు. మనిషి పక్షిలా రెక్కలాడించి ఎగరగలడా? రెక్కలు ఇంకెంత పొడవుండాలి? కుదరదంటే ఎందుకు కుదరదో లెక్కతో చెప్పండి.

సమాధానం:

చిరంజీవికి ఆశీస్సులు.

లెక్కతోనే చెబుతాను. దానికి ముందు ఒక్క మాట వినాలి. ఆ రెక్కలు కట్టుకుని ఎక్కడి నుంచీ దూకవద్దు. గట్టు ఎత్తు 5 మీటర్లే అనుకున్నా, అక్కడి నుంచి పడే మనిషి నేలను తాకేసరికి గంటకు 35 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. మామూలుగా పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకుంటాం, ముడుచుకుంటాం, దొర్లుతాం. మూడేసి మీటర్ల వెదురు రెండు చేతులకూ బిగించి ఉంటే ఇవేవీ కుదరవు. తలా మెడా ముందు తగులుతాయి. పైగా చేత్తో చేసిన రెండు రెక్కలు ఎప్పుడూ ఒకేలా వంగవు. ఏదో ఒకటి ముందు లొంగిపోతుంది, మనిషి గాలిలోనే పక్కకు తిరగబడతాడు. తడిసి ఆరిన ఇసుక మెత్తగా కనిపిస్తుందే తప్ప మెడ ఎముకను కాపాడేంత మెత్తన కాదు.

నీళ్లయితే దెబ్బ తగలదన్న మాట ఇంకా ప్రమాదం. 12 మీటర్ల ఎత్తు నుంచి పడితే నీటిని తాకే వేగం గంటకు 55 కిలోమీటర్లు. ఆ దెబ్బ నుంచి బయటపడినా, పరుచుకున్న టార్పాలిన్ నీటిని పట్టేసుకుంటుంది. చేతులు కట్టేస్తే ఎంత ఈతగాడైనా పైకి రాలేడు. పైకి నిదానంగా కనిపించే పాయలో అడుగున నీరు ఎలా లాగుతుందో లంకల్లో పుట్టిన నీకు నేను చెప్పనక్కరలేదు. వంతెన మాట ఎత్తిన స్నేహితులకు ఈ పేరా చదివి వినిపించు.

ఇక నువ్వు చూసిన వీడియో. నువ్వు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది 2012 మార్చిలో నెదర్లాండ్స్ నుంచి వచ్చి ప్రపంచమంతా తిరిగినదే అయి ఉండాలి. యార్నో స్మీట్స్ అనే ఇంజనీరు తన రెక్కలతో ఎగిరినట్టు అందులో చూపించారు. ఆ పేరుతో అలాంటి ఇంజనీరు ఎవరూ లేరు. ఫ్లోరిస్ కాయ్క్ అనే దృశ్య కళాకారుడు కంప్యూటర్ బొమ్మలతో దాన్ని తయారుచేశానని కొద్ది రోజుల్లోనే టెలివిజన్‌లో తానే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు వీడియో వెళ్లినంత దూరం వెళ్లలేదు, అందుకే ఇన్నేళ్ల తరవాత కూడా అది నీ ఫోనులోకి వచ్చింది. నువ్వు మోసపోయావని చిన్నబుచ్చుకోకు. అప్పట్లో పత్రికలు కూడా నమ్మి రాశాయి.

అయితే వీడియో అబద్ధమైనంత మాత్రాన నీ ప్రశ్న అబద్ధం కాదు. దానికి జవాబు రెండు ముక్కలుగా ఉంది. చేతులకు రెక్కలు కట్టుకుని ఆడించి ఎగరడం మనిషికి సాధ్యం కాదు. కానీ మనిషి తన ఒంటి బలంతోనే రెక్కలాడించి గాలిలో నిలిచిన సందర్భం ఒకటి నిజంగా ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా తెలిస్తే నీకు కావలసినదంతా తెలిసినట్టే.

నీ రెక్కల లెక్కే ముందు వేద్దాం. 6 మీటర్ల పొడవు, సగటున 65, 70 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే మొత్తం వైశాల్యం సుమారు 4 చదరపు మీటర్లు. నువ్వూ రెక్కలూ కలిసి 70 కిలోలు. అంటే ప్రతి చదరపు మీటరు మీదా 17 కిలోలకు పైగా బరువు. రెక్క మోయగలిగే బరువు గాలి సాంద్రత మీద, రెక్క వైశాల్యం మీద, గాలిని కోసే వేగపు వర్గం మీద ఆధారపడుతుంది. ఆ సూత్రంలో నీ అంకెలు పెడితే, రెక్కలు నిన్ను మోయడం మొదలుపెట్టాలంటే గాలికి ఎదురుగా గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగం ఉండాలని వస్తుంది. 2009లో ఉసేన్ బోల్ట్ బెర్లిన్‌లో 100 మీటర్ల రికార్డు నెలకొల్పినప్పుడు అతని గరిష్ఠ వేగం గంటకు 44 కిలోమీటర్లు. అతని చేతుల్లో 8 కిలోల వెదురు లేదు.

ఒకవేళ ఏదో విధంగా ఆ వేగం వచ్చిందనుకుందాం. దాన్ని నిలబెట్టుకోవాలి కదా. వేలాడే శరీరం, కట్లు, ముడతలు పడిన టార్పాలిన్, ఇవన్నీ కలిసి గాలిని అడ్డుకుంటాయి. నీ రెక్కలు చాలా బాగా కుదిరాయనుకున్నా మోసే బలంలో ఆరో వంతు అడ్డుబలంగా ఉంటుంది. ఆ అడ్డును గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తోసుకుంటూ పోవడానికి సుమారు 2,000 వాట్ల శక్తి నిరంతరం కావాలి.

మనిషి దగ్గర ఎన్ని వాట్లు ఉన్నాయో మీ ఊళ్లోనే కొలవవచ్చు. కొబ్బరి దింపు కార్మికుడు చెట్టెక్కేటప్పుడు గడియారం చూడు. 60 కిలోల మనిషి 12 మీటర్ల చెట్టును 36 సెకన్లలో ఎక్కాడనుకో. బరువును 9.8తో, ఎత్తుతో హెచ్చవేసి సమయంతో భాగిస్తే దాదాపు 200 వాట్లు వస్తుంది. చేతులు, నడుము, తొడలు అన్నీ కలిసి పనిచేస్తే వచ్చినది అది. ఏళ్ల తరబడి సాధన చేసిన సైకిల్ పోటీదారులు గంటసేపు 300 వాట్లు, అతికొద్దిమంది 400 వాట్ల వరకు ఇవ్వగలరు. వెయ్యి వాట్లు దాటడం వాళ్లకు కూడా కొన్ని సెకన్ల ముచ్చట, అదీ కాళ్లతో. చేతులు మాత్రమే పనిచేస్తే ఇందులో చిన్న భాగమే వస్తుంది.

శక్తి సంగతి అలా ఉంచి భుజం సంగతి చూడు. దీని గురించి చాలామంది ఆలోచించరు. ఎగరడం మాట తరవాత, రెక్కలు కదలకుండా చాచి ఉంచడానికే ఒక్కో చేయి 35 కిలోల బరువును మోయాలి. ఆ బరువు పడే చోటు భుజం నుంచి 1.3 మీటర్ల దూరంలో, అంటే నీ వేలికొసలకు చాలా అవతల ఉంటుంది. జిమ్నాస్టిక్స్‌లో రెండు రింగులు పట్టుకుని, చేతులు రెండు పక్కలకూ తిన్నగా చాచి శిలువలా నిలిచే విన్యాసం చూసి ఉంటావు. ప్రపంచ స్థాయి క్రీడాకారులు దాన్ని కొద్ది సెకన్లు నిలబెట్టడానికి ఏళ్లు కష్టపడతారు. అక్కడ బరువు పడేది అరచేతి దగ్గర. నీ రెక్కలతో భుజం మీద పడే ఒత్తిడి దానికి రెండింతలు. ఆ స్థితిలో ఉండి రెక్కలను కిందికీ పైకీ ఆడించాలి.

మరి పక్షికెలా కుదిరింది? కోడిని కోయడం చూసినవాళ్లకు దాని రొమ్ము ఎముక మధ్యలో నిలువుగా పొడుచుకొచ్చిన పలక తెలుసు. రెక్కను కిందికి లాగే కండ ఆ పలకకు అతుక్కుని ఉంటుంది. బాగా ఎగిరే పక్షుల్లో ఆ ఎగిరే కండలు ఒంటి బరువులో సుమారు 15 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. రెక్కను పైకెత్తే కండ కూడా రొమ్ములోనే ఉండి, భుజం దగ్గర ఎముకల మధ్య ఉన్న రంధ్రంలోంచి కప్పీ మీది తాడులా పైకి వెళ్లి రెక్కను లేపుతుంది. దాని ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో ప్రవహిస్తుంది, శ్వాస వదిలేటప్పుడు కూడా ప్రాణవాయువు అందుతూనే ఉంటుంది. మన శరీరం బరువైన కాళ్లతో నడవడానికి తయారైనది. మన బలమంతా తొడల్లో, పిరుదుల్లో ఉంది. చేతులకు రెక్కలు కట్టుకోవడమంటే ఒంట్లో ఉన్న పెద్ద ఇంజనును పక్కనపెట్టి చిన్నదాన్ని వాడటమే.

రెక్కాడించడం గురించి కూడా ఒక అపోహ తొలగాలి. పడవవాడు తెడ్డుతో నీటిని వెనక్కి తోసినట్టు పక్షి గాలిని కిందికి కొట్టి పైకి లేస్తుందని అనుకుంటాం. నువ్వు రాసినది చూస్తే నువ్వూ అదే అనుకుని చేసినట్టుంది. ముందుకు పోతున్న పక్షిని నిజంగా మోసేది రెక్క ముందుకు దూసుకుపోవడం వల్ల పుట్టే ఉత్థాపన బలం. ఆడించడం ముఖ్యంగా ఆ ముందుకు పోవడానికే. రెక్క కిందికి దిగేటప్పుడు దాని ముందు అంచు కొద్దిగా కిందికి మెలిపడుతుంది, దాంతో పైకి మోసే బలం కొంచెం ముందుకు వాలుతుంది. పక్షిని నడిపించేది ఆ వాలే. పైకి లేచేటప్పుడు రెక్క ఇంకోవైపు మెలితిరుగుతుంది, లేదా సగం ముడుచుకుంటుంది. ఈ మెలిక లేని రెక్కను ఎంత బలంగా కొట్టినా శ్రమే మిగులుతుంది. సాయంత్రం వరిచేల మీదుగా వరసగా పోయే కొంగల రెక్కల కొసలను పరీక్షగా చూడు. కొస ఎప్పుడూ మొదలుకన్నా వేరే కోణంలో ఉంటుంది.

పరిమాణం సంగతి కూడా ఉంది. ఒక పక్షిని అదే ఆకారంలో రెండింతలు పెద్దది చేస్తే రెక్కల వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. కండరం పెద్దదైన కొద్దీ రెక్కాడించే వేగం కూడా తగ్గుతుంది. అందుకే ప్రకృతిలోనే ఒక హద్దు ఉంది. కర్నూలు దగ్గర రోళ్లపాడులో ఒకప్పుడు బాగా కనిపించిన బట్టమేక పిట్ట 15 కిలోల దాకా పెరుగుతుంది. ఆఫ్రికాలో దాని బంధువు 18 కిలోల దాకా. రెక్కాడించి ఎగిరే పక్షుల బరువు ఈ రోజున దాదాపు అక్కడితో ఆగిపోయింది. కొల్లేరు దగ్గర ఆటపాకకు వెళితే గూడబాతులు కనిపిస్తాయి. నాలుగైదు కిలోల పక్షి అది. నీటి మీద నుంచి లేవాలంటే రెండు కాళ్లతో నీటిని తన్నుతూ, రెక్కలు బలంగా కొడుతూ కొంతదూరం పరుగెత్తాలి. అదే పక్షి పొద్దెక్కాక, పొలాలు వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యాక, రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ ఆకాశంలో చుక్కైపోతుంది. బరువైన పక్షులు సాధ్యమైనంతవరకు రెక్కాడించవు. గాలి మీద బతుకుతాయి.

నువ్వు తెలివైనవాడివి కాబట్టి ఒక ఎదురు ప్రశ్న వేస్తావు. 60 లక్షల ఏళ్ల కిందట అర్జెంటీనాలో తిరిగిన ఆర్జెంటావిస్ అనే పక్షి బరువు 70 కిలోలు, రెక్కల పొడవు సుమారు 7 మీటర్లు. నీ కొలతలకు దగ్గరే. అది ఎగిరింది కదా అంటావు. కోల్‌కతాలో పుట్టిన శంకర్ ఛటర్జీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2007లో దాని ఎగిరే తీరును కంప్యూటర్‌తో లెక్కగట్టారు. వాళ్లకు తేలిందేమంటే, అంత పక్షి కూడా అదేపనిగా రెక్కాడించి ఎగరలేదు, నిలుచున్నచోటు నుంచి లేవలేదు. వాలు మీద కిందికి పరుగెత్తో, ఎత్తైన చోటు నుంచి దిగో వేగం అందుకుని, పైకి లేచే వేడిగాలి మీద గంటకు 67 కిలోమీటర్ల వేగంతో జారుతూ ఉండేది. అది పక్షి రొమ్ముతో, పక్షి భుజాలతో పుట్టిన జీవి. నీ రెక్కలకు లెక్కలో వచ్చిన వేగం ఎంతో ఒకసారి పైన చూసుకో.

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను. ఇది నెమ్మదిగా చదువు. గాలిలో నిలవాలంటే గాలిని కిందికి నెట్టాలి, దానికి బదులుగా అది మనల్ని పైకి నెడుతుంది. 70 కిలోల బరువు నిలవాలంటే సెకనుకు 70 కిలోల గాలిని సెకనుకు 10 మీటర్ల వేగంతో కిందికి పంపవచ్చు. లేదా సెకనుకు 700 కిలోల గాలిని సెకనుకు 1 మీటరు వేగంతో పంపవచ్చు. రెండు లబ్ధాలూ ఒకటే కాబట్టి రెండూ నిన్ను సమానంగా మోస్తాయి. కానీ ఖర్చయ్యే శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. మొదటి పద్ధతికి 3,500 వాట్లు కావాలి. రెండో పద్ధతికి 350 వాట్లు చాలు. మోసే బరువు అదే, ఖర్చు పదో వంతు. మనిషికి రెండో పద్ధతి ఒక్కటే దారి. ఎక్కువ గాలిని మెల్లగా నెట్టాలి. ఎక్కువ గాలి అందాలంటే రెక్క చాలా పొడవుండాలి, ఆ పొడవుతో పాటు బరువు పెరగకూడదు.

ఇది కాగితం మీద మిగిలిపోలేదు. అమెరికాలో పాల్ మెక్‌క్రెడీ అనే ఇంజనీరు పలచటి గొట్టాలు, తీగలు, ప్లాస్టిక్ పొరతో గాసమర్ కాండర్ అనే విమానం కట్టాడు. 1977 ఆగస్టు 23న బ్రయాన్ ఆలెన్ అనే సైకిల్ పోటీదారు అందులో కూర్చుని, పెడళ్లు తొక్కుతూ, ఎనిమిది అంకె ఆకారపు దారిలో తిరిగి వచ్చాడు. రెండేళ్ల తరవాత, 1979 జూన్ 12న, అతనే గాసమర్ ఆల్బట్రాస్‌లో ఇంగ్లీషు చానల్ దాటాడు. 35.8 కిలోమీటర్లు, 2 గంటల 49 నిమిషాలు. ఆ విమానం రెక్క పొడవు దాదాపు 30 మీటర్లు, బరువు 32 కిలోలు. 1988 ఏప్రిల్ 23న కనెలోస్ కనెలోపౌలోస్ అనే గ్రీకు సైకిల్ వీరుడు డెడలస్ అనే విమానంలో క్రీట్ దీవి నుంచి శాంటొరిని దాకా సముద్రం మీదుగా 115 కిలోమీటర్లు తొక్కుకుంటూ పోయాడు. తీరానికి కొద్ది మీటర్ల దూరంలో గాలి తెర కొట్టి విమానం విరిగింది, అతను ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. ఇవన్నీ ప్రొపెల్లర్‌తో నడిచినవి. మనిషి తన ఒంటి బలంతో ఎగిరాడా అంటే, ఎగిరాడు. ఇందులో సందేహం లేదు.

రెక్కాడించే యంత్రం ఇంతకన్నా కష్టం. ప్రొపెల్లర్ ఒకే దిశలో తిరుగుతూ ఉంటుంది. రెక్క ఆగాలి, వెనక్కి మళ్లాలి, మళ్లీ ఆగాలి. అంత పొడవైన రెక్కను మాటిమాటికీ ఆపి మళ్లించడానికి శక్తి ఖర్చవుతుంది. ప్రతి ఊపులోనూ అది సరిగ్గా కావలసినంతే వంగాలి, కావలసినంతే మెలితిరగాలి, విరగకూడదు. శతాబ్దాల పాటు అందరూ ఓడిపోయింది ఇక్కడే. 15వ శతాబ్దం చివర్లో లియొనార్డో డావిన్సీ ఇలాంటి యంత్రాలకు ఎన్నో బొమ్మలు గీశాడు. అవి ఎగరలేదు.

2010 ఆగస్టు 2న కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయం విద్యార్థులు దీన్ని సాధించారు. వాళ్ల యంత్రం పేరు స్నోబర్డ్. రెక్క పొడవు 32 మీటర్లు, బరువు 43 కిలోలు. టాడ్ రైకర్ట్ అనే పరిశోధక విద్యార్థి దాన్ని నడిపాడు. చేతులతో కాదు సుమా. కింద కూర్చుని రెండు కాళ్లతో ఒక కడ్డీని తన్నేవాడు. దానికి కట్టిన తీగలు రెక్కలను కిందికి లాగేవి, కాళ్లు వదులు చేస్తే వంగిన రెక్క తన బిగువుతోనే పైకి లేచేది. మెలిక కూడా రెక్క కట్టుబాటులోనే అమర్చారు. ఎగరడం కోసం అతను ఏడాది పాటు వ్యాయామం చేసి ఎనిమిది కిలోల బరువు తగ్గాడు. మొదట ఒక కారుతో లాగి దాన్ని గాలిలోకి లేపారు. తాడు వదిలేశాక 19.3 సెకన్ల పాటు, 145 మీటర్ల దూరం, ఎత్తూ వేగమూ తగ్గకుండా రెక్కాడించుకుంటూ వెళ్లింది.

నీకు ఇది తక్కువగా అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. కార్బన్ ఫైబర్, కంప్యూటర్ లెక్కలు, ఒక విశ్వవిద్యాలయం అండ, ఏళ్ల శ్రమ, ఇవన్నీ ఉండి, కారు లాగితే తప్ప నేల వదలని యంత్రం 19 సెకన్లు నిలిచింది. మనిషి రెక్కలాడించి ఎగరడానికీ ఎగరలేకపోవడానికీ మధ్య గీత సరిగ్గా అక్కడుంది. ఆ గీత ఎక్కడుందో కనిపెట్టడం కూడా గొప్ప పనే. నీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇదే. రెక్కలు 30 మీటర్లకు పైగా ఉండాలి, 45 కిలోలు దాటకూడదు, తన్నేది కాళ్లతో కావాలి. అంత పలచటి వస్తువును మన సముద్రపు గాలిలో, కొబ్బరి చెట్ల మధ్య ఒక పూట నిలబెట్టడం కూడా కష్టం.

తాతయ్యగారితో వాదన పెట్టుకోకు. ఆయన అన్నమాటే ఇంకో రకంగా ఇటలీలో బొరెల్లి అనే శాస్త్రవేత్త అన్నాడు. జంతువుల కదలికలపై అతని పుస్తకం 1680లో వచ్చింది. పక్షి రొమ్ము కండను మనిషి కండతో పోల్చి, మనిషి తన బలంతో రెక్కలాడించి ఎగరలేడని అందులో తేల్చాడు. చేతుల వరకు ఆ మాట ఈ రోజుకీ నిలిచింది. ఇక తాతయ్యగారి కోపం నీ ఎముకల మీది బెంగ. ఆ బెంగకు ఆధారం ఉంది. 1811లో జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో బెర్‌బ్లింగర్ అనే దర్జీ సొంతంగా చేసిన రెక్కలతో, ఊరంతా చూస్తుండగా డాన్యూబ్ నది దాటబోయి నీళ్లలో పడ్డాడు. పడవవాళ్లు తీశారు కాబట్టి బతికాడు. చల్లటి నది మీద గాలి పైకి లేవదని అతనికి తెలియదు. నిజానికి అతని రెక్కలు జారగలిగినవేనని తరవాతి కాలంలో తేలింది. కానీ ఊరు నవ్విన నవ్వుకు అతని జీవితం చితికిపోయింది, పేదరికంలో పోయాడు. స్నేహితులు చుట్టూ చేరి ఉసిగొల్పినప్పుడు అతణ్ని తలుచుకో.

అందరికన్నా నువ్వు తెలుసుకోవలసినవాడు ఒట్టో లిలియంథాల్, సొంతంగా చేసిన రెక్కలతో గాలిలో జారిన జర్మన్ ఇంజనీరు. బెర్లిన్ దగ్గర అతని ఊరు మన డెల్టాలాగే చదునైన నేల. అందుకని 1894లో 15 మీటర్ల ఎత్తున మట్టిదిబ్బ పోయించుకున్నాడు. దూకడానికి ముందు కొంగల జాతి పక్షులను ఏళ్ల తరబడి గమనించి, రెక్క వంపు మీద కొలతలు తీసి, 1889లో పుస్తకం వేశాడు. తరవాత అయిదేళ్లలో సుమారు 2,000 సార్లు గాలిలో జారాడు. రెక్కాడించే యంత్రం మీద కూడా ప్రయత్నాలు చేశాడు. అంత జాగ్రత్తపరుడు 1896 ఆగస్టులో గాలి తెర కొట్టి రెక్క మోసే బలం కోల్పోవడంతో పడ్డాడు, వెన్ను విరిగి మర్నాడు చనిపోయాడు. అతను పడిన ఎత్తు 15 మీటర్ల ప్రాంతం. నిన్ను ఆపమని ఇన్నిసార్లు చెబుతున్నది అందుకే.

మరి ఏం చేయాలి? ఆ టార్పాలిన్ విప్పేసి ఇంట్లో ఏదో పనికి ఇచ్చేయి. వెదురు మాత్రం దాచుకో, నీకు దాంతో పని ఉంది. గాలిలో నిజంగా తిరగాలని ఉంటే చదువు పూర్తయ్యాక హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్ లాంటి చోట శిక్షకుల దగ్గర పారాగ్లైడింగ్ నేర్చుకో. గూడబాతు చేసే పనే అది, వేడిగాలి మీద చుట్లు తిరగడం. మీ కాలేజీలో గాని దగ్గర్లో గాని ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే ఏరోమోడలింగ్ అక్కడ నేర్పుతారు. ఈసెట్ రాసి ఇంజనీరింగ్‌లో చేరే ఆలోచన ఉంటే ఏరోనాటికల్ శాఖ గురించి కూడా ఆలోచించు. 6 మీటర్ల రెక్కను ఒంటరిగా కట్టినవాడికి ఆ చదువు భారం కాదు.

అంతవరకు ఆగనక్కరలేదు. రెక్కాడించి ఎగిరే యంత్రాన్ని ఈ నెలలోనే నువ్వు ఎగరేయవచ్చు, చిన్నదైతే. 1874లో ఫ్రాన్స్‌లో అల్ఫోన్స్ పెనో మెలిపెట్టిన రబ్బరుతో రెక్కాడించే బొమ్మ పక్షిని ఎగరేశాడు. నీకు కావలసినవి సన్నగా చీల్చిన వెదురు పుల్లలు, పలచటి కవరు కాగితం, స్టీలు తీగ, రబ్బరు, దారం, జిగురు. రెక్కల పొడవు 40 సెంటీమీటర్లు పెట్టుకో, మొత్తం బరువు 15 గ్రాములు దాటనివ్వకు. రెక్కకు పుల్ల ముందు అంచునే ఉండాలి, వెనక అంచు కవరు వదులుగా ఉండాలి. రెక్క దిగేటప్పుడు వెనక అంచు తనంతట తాను పైకి లేస్తుంది. పైన చెప్పిన మెలిక నీకు అలా ఉచితంగా దొరుకుతుంది. తీగను వంచి క్రాంకు (రబ్బరు తిరుగుడును రెక్కల ఆటగా మార్చే వంకర కడ్డీ) చేయడం మెకానికల్ విద్యార్థివి కాబట్టి నీకే బాగా తెలుసు. ఒకటే జాగ్రత్త, రెండు రెక్కలూ ఒకేసారి లేచి ఒకేసారి దిగాలి.

తెల్లవారుజామున, సముద్రపు గాలి మొదలుకాక ముందు, కోత అయిపోయిన చేలో పరీక్షించు. మొదట రబ్బరు మెలిపెట్టకుండా చేత్తో మెల్లగా వదిలి నేరుగా జారుతుందో లేదో చూడు. ముక్కు కిందికి పోతే తోక వెనక అంచు కొంచెం పైకి వంచు, ముక్కు లేచి ఆగిపోతే కొంచెం దించు. ఒకసారికి ఒక్క మార్పే చేయి, చేసినది పుస్తకంలో రాయి. జారడం కుదిరాక రబ్బరు 50 చుట్లు తిప్పి వదులు, తరవాత 100 చుట్లు. ఎన్ని చుట్లకు ఎన్ని సెకన్లు నిలిచిందో, బరువెన్ని గ్రాములో, రెక్కల వెడల్పెంతో రాసి పంపు. రెక్క వెడల్పు పెంచాలో రబ్బరు మార్చాలో ఆ అంకెలు చూసి చెబుతాను.